ఒకే ఇంజను – 34 కిలోమీటర్ల సముద్రం

లండనునుంచి రైలులో వెళ్ళి డోవరులో దిగినవారు సాధారణంగా మూడు వింతలు చూసి వస్తారు: తెల్లని సుద్దకొండలు, కొండమీది పాత కోట, రేవులో క్షణం తీరిక లేకుండా వచ్చిపోయే ఓడలు. నాలుగోదాన్ని వెతుక్కొని వెళ్ళేవారు తక్కువ. కోట వెనకవైపు, చెట్ల మధ్య, ఒక చిన్న పచ్చికబయలు ఉన్నది. ఆ గడ్డిలో రాళ్ళు పరిచి విమానం ఆకారం ఒకటి తీర్చారు. విగ్రహం లేదు, మంటపం లేదు. పెద్ద తూనీగ ఒకటి రెక్కలు చాచుకొని నేలమీద వాలినట్టు ఉంటుంది. 1909 జూలై 25వ తేదీ తెల్లవారుజామున లూయీ బ్లెరియో అనే ఫ్రెంచి దేశస్థుడు సముద్రం దాటి వచ్చి దిగిన చోటు అది. దిగాడనడం మర్యాదకోసమే. పంకా విరిగింది, చక్రాలు విరిగాయి. మనిషి మాత్రం క్షేమంగా బయటికి వచ్చాడు.

వాతావరణం తేటగా ఉన్నరోజున ఆ కొండ అంచున నిలుచుంటే ఆవలి ఒడ్డు సన్నని బూడిదరంగు గీతలాగా కనిపిస్తుంది. అదే ఫ్రాన్సు. ఈ ఇరుకుచోట ఇంగ్లీషు ఛానెల్ వెడల్పు సుమారు 34 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పుకోవాలంటే విజయవాడనుంచి తెనాలి వెళ్ళినంత దూరం. ఓడ గంటన్నరలో దాటిస్తుంది. 1994 నుంచి సముద్రం అడుగున సొరంగంలో రైలు కూడా నడుస్తున్నది. చిన్న విమానానికి పట్టేది 11 నిమిషాలు.

ఈ 11 నిమిషాలను గురించే నేను రాయబోతున్నది.

ఆదివారంనాడు ఆ కొండమీద కూర్చుంటే నెత్తిమీదుగా చిన్న చిన్న విమానాలు ఫ్రాన్సు దిక్కుగా పోతూ ఉంటాయి. ముక్కున ఒక పంకా, లోపల నాలుగు సీట్లు, ఆ మొత్తాన్ని లాగేది ఒకే ఒక ఇంజను. కారులో ఇంజను ఆగితే రోడ్డు పక్కన నిలుపుకోవచ్చు. బస్సులో ఆగితే దిగి తోయవచ్చు. కింద సముద్రం ఉన్నచోట ఆకాశంలో ఆగితే?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలోనుంచి రాలేదు, ఇంట్లోనుంచి వచ్చింది. మా అక్కయ్య కొడుకు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు నేర్చుకొని, విమానం నడిపే లైసెన్సు సంపాదించాడు. ఆ దేశంలో అందుకు కనీసం 45 గంటలు గాలిలో శిక్షణ పొందాలి. వాడికి అప్పటికి 130 గంటలు అయినాయి. తెనాలినుంచి అక్కయ్య మూడు నెలలు కొడుకు దగ్గర ఉందామని బయలుదేరితే, కాలేజీ సెలవులు కదా అని నేనూ తోడు వచ్చాను. ఒకనాటి రాత్రి అన్నాలు తింటూ వాడు, "అమ్మా, శనివారం నిన్నూ మామయ్యనూ ఫ్రాన్సు తీసుకువెళతాను. లె తుకే అని సముద్రపు ఒడ్డున ఊరు. అక్కడ భోంచేసి సాయంత్రానికి ఇంటికి వచ్చేద్దాం" అన్నాడు, గుంటూరు వెళ్ళివద్దాం అన్నంత తేలిగ్గా.

అక్కయ్య కూర వడ్డించడం ఆపి నా వంక చూసింది. "ఏమంటావురా తమ్ముడూ? ఒకటే ఇంజనట!"

"ఫరవాలేదులే" అనడం తేలిక. "వద్దు" అనడం ఇంకా తేలిక. రెండిటికీ ఆలోచనతో పని లేదు. కన్నతల్లి అడిగిన ప్రశ్నకు ఆ రెండిటిలో ఏ ఒక్కటీ సమాధానం కాదు. అందుకని మరునాడు ముగ్గురం డోవరు కొండ ఎక్కి, బ్లెరియో తూనీగ పక్కన పచ్చికలో కూర్చొని, ఒక పూటంతా లెక్క చూశాం.

నీళ్ళమీద సిగరెట్టు

ఈ సముద్రానికీ విమానపు ఇంజనుకూ తగవు మొదటిరోజునుంచీ ఉన్నది. బ్లెరియోకు 6 రోజుల ముందు, 1909 జూలై 19న, హ్యూబర్ట్ లాథం అనే యువకుడు ఫ్రెంచి ఒడ్డునుంచి బయలుదేరాడు. కొన్ని మైళ్ళు రాగానే ఇంజను ఆగిపోయింది. లాథం గాభరాపడలేదు. విమానాన్ని మెల్లగా నీళ్ళమీదికి దించాడు. కొయ్య విమానం, తేలింది. రక్షించడానికి వచ్చిన ఓడవాళ్ళకు ఆయన ఆ తేలే విమానంమీద కూర్చొని సిగరెట్టు కాలుస్తూ కనిపించాడు. బ్లెరియో గెలిచిన రెండురోజులకు మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి డోవరు ఇంకొక మైలు ఉన్నదనగా ఇంజను మళ్ళీ మొరాయించింది. మళ్ళీ నీళ్ళు.

బ్లెరియో దగ్గర ఉన్నది 3 సిలిండర్ల ఆంజానీ ఇంజను. దాని బలం 25 అశ్వశక్తి, అంటే ఈనాటి చిన్న కారుకు ఉండేదానిలో సగం కూడా కాదు. కాసేపు నడిస్తే కాగిపోవడం దాని స్వభావం. దారిలో కురిసిన చిన్న జల్లు దాన్ని చల్లబరిచి కాపాడిందని ఒక కథ చెబుతారు. ఆయన ప్రయాణం 36 నిమిషాల 30 సెకన్లు. భార్య ఎక్కిన నౌక వెంట వచ్చింది గాని, అది వెనకబడిపోయింది. కొంతసేపు ఆయనకు ముందు ఇంగ్లండు లేదు, వెనక ఫ్రాన్సు లేదు, కింద ఓడ లేదు.

"చూశావా, ఆ మహానుభావుడికి కూడా అదృష్టమే దిక్కయింది" అన్నది అక్కయ్య.

"అదృష్టం సంగతి నిజమేనమ్మా. కాని ఆయన ఎగిరింది సుమారు 250 అడుగుల ఎత్తున. అసలు తేడా అక్కడ ఉన్నది" అన్నాడు మా మేనల్లుడు. జేబులోనుంచి కాగితం, పెన్సిలు తీశాడు.

ఎత్తే ఆస్తి

ఇంజను ఆగగానే విమానం రాయిలాగా కిందపడుతుందని మనలో చాలామంది అనుకొంటాం. అది నిజం కాదు. గద్ద రెక్క ఆడించకుండా ఎంతదూరం పోతుందో మీరు చూసే ఉంటారు. విమానమూ అంతే. మా వాడు నడిపే నాలుగు సీట్ల సెస్నా విమానం ఇంజను ఆగిన తరువాత ఒక అడుగు దిగేలోపల ముందుకు సుమారు 9 అడుగులు పోతుంది. అంటే ఒక కిలోమీటరు ఎత్తున ఉంటే 9 కిలోమీటర్ల దూరంలో ఎక్కడైనా వాలవచ్చు. చేతిలో ఇంజను లేకపోయినా ఎత్తు ఉన్నది. ఆ ఎత్తు బ్యాంకిలో డబ్బులాంటిది. సంపాదన ఆగిపోయినా కొంతకాలం గడుస్తుంది.

ఇప్పుడు సముద్రానికి ఈ లెక్క కట్టి చూడండి. 2,000 అడుగుల ఎత్తున దాటితే ఇంజను ఆగినప్పుడు సుమారు 5½ కిలోమీటర్లు పోగలం. ఈ ఒడ్డునుంచి 5½, ఆ ఒడ్డునుంచి 5½, మొత్తం 11 కిలోమీటర్ల మేరకు భయం లేదు. మిగిలిన 23 కిలోమీటర్లూ ఏ ఒడ్డుకూ అందని నడిసముద్రం. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో అది దాటడానికి ఏడున్నర నిమిషాలు.

4,000 అడుగులకు ఎక్కితే ఆ ఏడున్నర నిమిషాలు నాలుగు అవుతాయి. 6,200 అడుగులకు ఎక్కితే? సగం దారి 17 కిలోమీటర్లు. ఆ ఎత్తునుంచి విమానం పోగలదూరమూ 17 కిలోమీటర్లే. అంటే ఇంజను ఎక్కడ ఆగినా ఏదో ఒక ఒడ్డుకు చేరవచ్చు. నడిసముద్రం మాయమైపోయింది! ఇంజను మారలేదు, సముద్రం తగ్గలేదు. మనిషి కాస్త పైకి ఎక్కాడు, అంతే.

"గాలి ఎదురైతే?" అని అడిగాను. మంచి ప్రశ్నే అన్నాడు. ఇంజను లేకుండా జారే విమానం వేగం గంటకు సుమారు 120 కిలోమీటర్లు. 40 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అందే దూరంలో మూడోవంతు పోతుంది. అప్పుడు దగ్గరి ఒడ్డు కాదు, గాలివాలున ఉన్న ఒడ్డు చూసుకోవాలి. అందుకే 6,200తో సరిపెట్టకుండా 7,000 అడుగులు ఎక్కాలి. అదీ సముద్రంమీదికి వచ్చాక కాదు. ఇంగ్లండు నేలమీద ఉండగానే ఎక్కి, అప్పుడు నీళ్ళమీదికి పోవాలి.

మరి ఇంజను ఆగే అవకాశం ఎంత? మాటవరసకు 50,000 గంటలకు ఒకసారి ఆగుతుందనుకొందాం. ఇది లెక్కకోసం పెట్టుకొన్న అంకె మాత్రమే. ఏడున్నర నిమిషాలంటే గంటలో ఎనిమిదోవంతు. కనుక ఒక్కసారి దాటడంలో, ఆ నడిసముద్రంలోనే ఇంజను ఆగే అవకాశం 4 లక్షలలో ఒకటి. పోయిరావడానికి 2 లక్షలలో ఒకటి. వినడానికి చాలా చిన్నది. కాని ఏడాదికి 50 సార్లు పోయివచ్చేవాడికి అది 4,000లో ఒకటి అవుతుంది. ఒకసారి చేసే సాహసానికీ అలవాటైపోయిన సాహసానికీ తేడా ఇదే. చిల్లర అప్పులు కూడబడినట్టు ఇవీ కూడబడతాయి.

రెండు ఉంటే రెట్టింపు భద్రమా?

"ఈ తిప్పలన్నీ ఎందుకురా, రెండింజన్లది అద్దెకు తీసుకోరాదా?" అన్నది అక్కయ్య. ఎవరైనా అడిగే మాటే. ఏకపుత్రుడు పుత్రుడు కాడు అన్న దేశం మనది.

కాని చిన్న విమానాల లోకంలో ఈ న్యాయం తిన్నగా నడవదు. ఇంజన్లు రెండయితే ఏదో ఒకటి చెడే అవకాశం కూడా రెండింతలే. ఒకటి ఆగినప్పుడు బలం సగం పోతుంది. పైకి ఎక్కే శక్తి మాత్రం సగం కాదు, నూటికి 80 వంతులు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువే పోతుంది. ఎందుకంటే ఉన్న బలంలో చాలాభాగం గాలిలో నిలబడడానికే సరిపోతుంది, మిగిలినదానితోనే ఎక్కాలి. పైగా ఒక రెక్క వైపే లాగుడు ఉండడంచేత విమానం పక్కకు తిరుగుతుంది. వేగం ఒక హద్దుకన్న తగ్గితే చుక్కాని దాన్ని ఆపలేదు, విమానం తిరగబడుతుంది. రెండో ఇంజను ఉన్నది ప్రమాదస్థలందాకా మోసుకుపోవడానికేనని వైమానికులలో ఒక చేదు హాస్యం ఉన్నది. అలాగని రెండింజన్లు దండగ అనరాదు. నడిసముద్రంమీద, ఎత్తున, నేర్పరి చేతిలో రెండోది ప్రాణదాతే. నేల వదిలిన మొదటి నిమిషంలో, సాధన లేని చేతిలో మాత్రం అదే ఉరితాడు కావచ్చు. ఇది చిన్న విమానాల సంగతి. మీరూ నేనూ హైదరాబాదునుంచి ఎక్కి వచ్చే పెద్ద జెట్ విమానాలు ఒక ఇంజను ఆగినా రెండోదానితో పైకి ఎక్కి, క్షేమంగా దిగేటట్టు చేసినవి.

ఈ వాదం కొత్తది కాదు. 1926, 27 సంవత్సరాల్లో న్యూయార్కునుంచి పారిస్‌కు ఎగరాలని ఎందరో పోటీపడ్డారు. 1926 సెప్టెంబరులో రెనే ఫోంక్ మూడింజన్ల విమానం మోయలేని బరువుతో నేల వదలకుండానే కూలి కాలిపోయింది, ఇద్దరు పోయారు. 1927 ఏప్రిల్‌లో మరో మూడింజన్ల విమానం పరీక్షలో కూలి, ఇంకో ఇద్దరు పోయారు. ఆ మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒక్క ఇంజను, ఒక్క మనిషి అని బయలుదేరాడు. మూడింజన్లంటే చెడడానికి మూడు ఇంజన్లు, మోయడానికి మూడింతల పెట్రోలు అని ఆయన ఎంచాడు. ముప్ఫయి మూడున్నర గంటలు ఎగిరి, ఇదే ఛానెల్‌ను ఇక్కడికి పడమరగా దాటి పారిస్‌లో దిగాడు. అయితే రెండోవైపు కూడా చెప్పాలి. ఆయనకు పన్నెండు రోజుల ముందే ఫ్రాన్సునుంచి ఒంటి ఇంజనుతో బయలుదేరిన నంజెస్సర్, కోలీ అనే ఇద్దరు మళ్ళీ కనిపించలేదు. గెలిచినవాడి లెక్కే మనకు వినిపిస్తుంది. మునిగినవాడి లెక్క సముద్రానికే తెలుసు.

ఇంజను మోసిన నిందలు

మధ్యాహ్నం కొండ దిగి సముద్రపు ఒడ్డు వీధిలోకి వచ్చాం. అక్కడ చార్లెస్ రోల్స్ విగ్రహం సముద్రంవైపు చూస్తూ నిలబడి ఉంటుంది. రోల్స్ రాయిస్ కారులోని రోల్స్ ఈయనే. 1910 జూన్ 2న ఈ ఛానెల్‌ను ఒకే పరుగున ఆవలికీ మళ్ళీ ఈవలికీ దాటిన మొదటివాడు. నలభై రోజులకు, జూలై 12న, బోర్న్‌మత్‌లో విమానం కూలి చనిపోయాడు. ఇంజన్లకే పేరుపడ్డ ఈ మనిషిని చంపింది ఇంజను కాదు. విమానం తోక విరిగింది.

1912 ఏప్రిల్ 16న హారియట్ క్వింబీ అనే అమెరికన్ వనిత డోవరునుంచి ఎగిరి, ఈ సముద్రాన్ని విమానంలో దాటిన తొలి స్త్రీ అయింది. ముందురోజే టైటానిక్ ఓడ మునిగింది. పత్రికలన్నీ ఆ వార్తతో నిండిపోయి, పాపం ఈమె ఘనత ఏ మూలకో పోయింది. జూలై 1న బోస్టను దగ్గర విమానం ఒక్కసారి తలకిందులై ఆమె సీటులోనుంచి బయటికి పడిపోయింది. అదీ ఇంజను పని కాదు.

మన కాలానికి వద్దాం. 2019 జనవరి 21 రాత్రి అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ఎక్కిన ఒంటి ఇంజను విమానం ఛానెల్ పడమటి భాగంలో కూలింది. అందరి నోటా మొదటి ప్రశ్న, "ఇంజను ఆగిందా?" అనే. 2020లో వచ్చిన విచారణ నివేదిక వేరే కథ చెప్పింది. రాత్రిపూట నడిపే అర్హత లేని పైలటు, మేఘాలు, పట్టుతప్పిన విమానం, విపరీతమైన వేగానికి గాలిలోనే విరిగిపోవడం. వీటికి తోడు ఇంజను పొగ లోపలికి చొరబడి, అందులోని కార్బన్ మోనాక్సైడ్ విషం పైలటును కూడా మందగింపజేసి ఉంటుందని తేల్చింది. ఆ విషానికి వాసన లేదు, రంగు లేదు. దాన్ని పసికట్టి కూతపెట్టే పరికరం అరచేతిలో పడుతుంది.

నిజంగా ఇంజను ఆగిన సందర్భాల్లో కూడా చాలాసార్లు నేరం ఇనుముది కాదు, మనిషిది. పెట్రోలు సరిగా చూసుకోకుండా బయలుదేరడం ఒకటి. పెట్రోలులో నీళ్ళు చేరడం ఒకటి. మూడోది వింటే మీరు నమ్మరు, మంచు! పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటరులో చెమ్మగాలి ఉన్నట్టుండి చల్లబడి, బయట 20 డిగ్రీల వేసవి ఎండ ఉన్నా, లోపల మంచు పేరుకొంటుంది. ఊపిరాడక ఇంజను ఆగుతుంది. దానికి మందు ఒక చిన్న పిడి. లాగితే వేడిగాలి లోపలికి పోతుంది. సముద్రంమీద దాన్ని మాటిమాటికీ లాగి చూడడం మరచిపోనివాడే పైలటు. ఇంజను తనవంతు జాగ్రత్త తను తీసుకొంటూనే ఉంది. ప్రతి సిలిండరుకూ రెండు స్పార్కు ప్లగ్గులు, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండు. ఒకటి చెడితే రెండోది నడిపిస్తుంది.

అన్నిటికన్న గండమైన ఘడియ సముద్రంమీద లేనేలేదు, నేల వదిలిన మొదటి నిమిషంలో ఉన్నది. అప్పుడు చేతిలో ఎత్తు లేదు. ఇంజను ఆగితే వెనక్కు తిరిగి రన్‌వే చేరుకోవాలని మనసు పీకుతుంది. అలా తిరగబోయి పోయినవారు ఎందరో. ముక్కు దించి, ఎదురుగా ఏది కనిపిస్తే ఆ పొలంలో దిగవలసిందే. శిక్షణలో గురువు చెప్పాపెట్టకుండా ఇంజను బలం తీసేసి, "ఆగిపోయింది, ఎక్కడ దిగుతావు?" అని అడుగుతాడట. వెంటనే పొలం చూపించాలి. "అప్పటినుంచి రైల్లో కూర్చున్నా కిటికీలోనుంచి పొలాలే చూస్తాను మామయ్యా" అన్నాడు.

ఆ ఒడ్డున ఆడుకొన్న మన కుర్రవాడు

హారియట్ క్వింబీ దిగిన ఫ్రెంచి ఊరు హార్డెలో. లె తుకేకు పోయే దారిలోనే ఉన్నది. ఆ ఊళ్ళో సముద్రపు ఒడ్డున బ్లెరియో కుటుంబానికీ ఇల్లు ఉండేది, మన టాటాల కుటుంబానికీ ఇల్లు ఉండేది. బ్లెరియో దగ్గరి పైలటు పెగూ ఆ ఇసుకమీద విమానం దించితే నోరు తెరుచుకొని చూసిన పిల్లవాడే జె.ఆర్.డి. టాటా. 1929లో మనదేశంలో మొదటి నంబరు లైసెన్సు ఆయనది. 1932 అక్టోబరు 15న కరాచీనుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూకు తపాలా సంచులు తీసుకొని పస్ మాత్ విమానంలో ఎగిరాడు. అదీ ఒంటి ఇంజనే. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిమీద వచ్చాయని చెబుతారు. అక్కడినుంచి ఆ తపాలాను నెవిల్ వింట్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఆ రోజుల్లో పస్ మాత్‌లు కొన్ని కూలాయి. వాటిలోనూ రెక్కలు విరిగినవి ఉన్నాయి. 1982లో, 78వ ఏట, జె.ఆర్.డి. అదే దారిలో మళ్ళీ చిన్న విమానం నడిపారు. అన్నేళ్ళు ఎగిరినవాడు అలా మిగిలి ఉండడం ఒక్క ధైర్యంతో అయ్యే పని కాదు.

నీళ్ళలో దిగవలసివస్తే

ఇంత లెక్కా అయిన తరువాత కూడా అక్కయ్య, "అయినా ఆగిందే అనుకో, ఒడ్డు అందలేదే అనుకో?" అన్నది. తల్లి లెక్క ఎప్పుడూ చివరి అంకెదాకా పోతుంది.

అలలకు అడ్డంగా కాక వాటి వాలున దించాలి. నీళ్ళు తాకకముందే తలుపులు తీసిపెట్టాలి. ఈ జలసంధిలో రోజుకు 400 పైచిలుకు ఓడలు తిరుగుతాయి. వాటిలో ఒకదాని దారికి పక్కగా, కాస్త ముందుగా దిగితే వాళ్ళ కంటపడతాం. ఇక శత్రువు మునక కాదు, చలి. ఈ నీళ్ళు ఆగస్టులో కూడా 17, 18 డిగ్రీలు, ఫిబ్రవరిలో 7 డిగ్రీలదాకా పడతాయి. చన్నీళ్ళలో పడిన మనిషికి మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తరువాతి పది నిమిషాలు చేతులు పనిచేయడానికి, సుమారు గంట స్పృహ తప్పకుండా ఉండడానికి, అని ఒక గుర్తు చెబుతారు. ఈ లెక్కంతా లైఫ్ జాకెట్టు ఒంటిమీద ఉన్నవాడికే. సీటుకింద పెట్టుకొన్నవాడికి కాదు. పడిన తరువాత తొడుక్కొందాంలే అంటే వ్రేళ్ళు మాట వినవు.

అక్కయ్య షరతులు

సాయంకాలానికి అక్కయ్య తీర్పు చెప్పింది. ఒకటి, 7,000 అడుగులు. మేఘాలు అడ్డం వచ్చి అంత ఎత్తు దొరక్కపోతే ప్రయాణం లేదు. రెండు, తిన్నగా లె తుకేకు పోతే నీళ్ళు ఎక్కువ కనుక, డోవరు దగ్గర ఇరుకులో దాటి ఫ్రెంచి ఒడ్డు వెంబడి దిగువకు పోవాలి. మూడు, జాకెట్లు ఇంటినుంచే తొడుక్కోవాలి. ఈ మూడోదానికి వాడు నవ్వి, "విమానం దగ్గర చాలులే అమ్మా" అన్నాడు.

శనివారం వచ్చింది. అక్కయ్య తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. ఆరు గంటలకు మా వాడు వాతావరణం చూసి వచ్చి, "ఈవేళ కుదరదమ్మా. మబ్బు 2,500 అడుగుల్లోనే పట్టింది" అన్నాడు. విమానం అద్దెకు మాట్లాడుకొన్నాడు. ఫ్రాన్సులో హోటలు చెప్పి ఉంచాడు. నెలరోజులుగా తల్లిని తీసుకుపోవాలని ఉవ్విళ్ళూరాడు. అయినా ఆ మాట అనడానికి క్షణం తటపటాయించలేదు. "కిందుగానైనా పోవచ్చుగా, పదకొండు నిమిషాలేగా?" అని నేను కావాలనే అడిగాను. "ఏడున్నర నిమిషాల మాట మీరే మరిచిపోతే ఎలా మామయ్యా?" అన్నాడు.

ఆ రోజు ఓడలో పోయి, కాలే ఊళ్ళో పులిహోర తిని వచ్చాం. వచ్చేటప్పుడు ఓడ రెయిలింగు పట్టుకొని మబ్బులవంక చూస్తూ అక్కయ్య అన్నది: "వీడితో వెళ్ళవచ్చురా. వద్దనుకోవడం వచ్చినవాడు వీడు."

మా లెక్కలన్నిటికీ సారం ఆ మాటలో ఉన్నది. ఇంజను నమ్మకమైనదా కాదా అని అడుగుతాం. అది ఎంత మంచిదైనా ఏదో ఒకనాడు ఆగవచ్చు. అది ఆగినరోజున మనం ఎక్కడ ఉంటాం, ఎంత ఎత్తున ఉంటాం, ఒంటిమీద ఏమున్నది అన్నది బయలుదేరకముందే మన చేతిలో ఉన్న సంగతి. భయం మంచిదే, దాన్ని కాగితంమీద పెట్టి కూడికలు తీసివేతలు చేయగలిగితే. చేయకపోతే అది మనల్ని ఇంట్లో కూర్చోబెడుతుంది, లేదా ఒక మొండి క్షణంలో నీళ్ళలోకి తోస్తుంది.

మరుసటి శనివారం ఆకాశం కడిగిన పళ్ళెంలాగా ఉన్నది. కెంటులో ఒక చిన్న విమానాశ్రయంలో మా వాడు రెక్కకింద గొట్టంలోకి పెట్రోలు పట్టి, వెలుగుకు ఎత్తి, అడుగున నీటిబొట్టు ఉన్నదేమో అని చూశాడు. పాలవాడి దగ్గర పాలు చూసినట్టు అక్కయ్య కూడా తొంగిచూసింది. కెంటు తోటలమీదనే చుట్టూ తిరుగుతూ 7,000 అడుగులు ఎక్కాం. తెల్లని కొండ అంచు వెనక్కు పోయింది. కింద ఓడలు చీమల బారుల్లాగా రెండు వరసల్లో పోతున్నాయి. వాడు పిడి లాగి, చూసి, మళ్ళీ పెట్టాడు.

సరిగ్గా నడిమధ్యకు వచ్చినప్పుడు, "అమ్మా, ఇంతవరకూ ఇంజను ఆగితే ఇంగ్లండు. ఇకమీదట ఆగితే ఫ్రాన్సు" అన్నాడు.

అక్కయ్య లైఫ్ జాకెట్టు పట్టీ ఒకసారి తడిమి చూసుకొన్నది. "సరేలే, నువ్వు ముందుకు చూసి నడుపు నాయనా" అన్నది.